అడవిపిల్లి ఉన్నన్నాళ్ళూ

ఆ ఏడు మొక్కజొన్న కోతలు మొదలైన నాటి నుంచి తర్వాతి పైరు నడుమెత్తు పెరిగేదాకా, దాదాపు నాలుగు నెలలు, మా ఇంట్లో ఎవరమూ గొంతెత్తి మాట్లాడలేదు. మా మావయ్యగారిని ఎరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు.

ఆయన కర్రకోత మిల్లులో ముప్పై నాలుగేళ్ళు రంపం దగ్గర పనిచేసిన మనిషి. మిల్లులో అందరూ ఆయన్ని మైకు అనేవారట. ఆయన ఇంట్లో మాట్లాడితే మూడిళ్ళ అవతలికి మా సంగతులన్నీ చేరిపోయేవి. రంపం హోరులో అరిచి అరిచి అలవాటైపోయిందని మేం సరిపెట్టుకున్నాం. అసలు చిక్కు గొంతుతో కాదు. ఆయన ఎవరి మాటా వినరు. మనం ఒకటి చెప్తుంటే ఆయన ఇంకొకటి ఎత్తుకుంటారు. తలుపు వెయ్యమంటే నవ్వి ఊరుకుంటారు. కొడుకు ఏదైనా మొదలుపెట్టగానే మిల్లు కబుర్లు అందుకుంటారు. మా ఆయన మాట మధ్యలోనే లేచి వెళ్ళిపోయేవాడు.

కోతలకు వారం ముందు మా ఆయన కోత మిషన్‌ను పెరట్లోంచి వెనక్కి తీస్తున్నాడు. మావయ్య సరిగ్గా దాని వెనక నిలబడి, బీటలు వారిన గోడను చూసుకుంటున్నారు. జరగమని మా ఆయన నాలుగుసార్లు అరిచాడు. ఆయన జరగలేదు. మిషన్ జానెడు దూరంలో ఆగింది. మా ఆయన కిందికి దిగాడు. తను చెప్తే జరగడం ఆయనకు నామోషీ అన్నాడు. కోతలయ్యాక అక్క దగ్గర దింపేస్తాను, కొన్నాళ్ళు తను పడుతుంది అన్నాడు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఇంట్లో నాకూ కాస్త ఊపిరాడుతుందనిపించింది.

కోతలు మొదలైన మూడో రోజు మధ్యాహ్నానికే మా ఆయన ఇంటికొచ్చేశాడు. చేతిలో పనిముట్ల డబ్బా, దాని మీద కప్పిన చొక్కా. చొక్కా తీస్తే రెంచీల పక్కన అరచేతంత పిల్లికూన. మట్టిరంగు ఒళ్ళు, నీలం కళ్ళు, చెవుల చివర నల్లటి సన్నని కుచ్చులు. నా వైపు నోరు తెరిచి బుస్సుమంది కానీ ఆ బుసలో గాలి తప్ప బలం లేదు.

మిషన్ చప్పుడుకు తల్లి ముందే పైరులోంచి బయటికి పరిగెత్తిందట. పోయిందిలే అనుకుని తను ముందుకు నడిపాడట. అది పిల్లల కోసం మళ్ళీ లోపలికి వచ్చింది. మూడు కూనల్లో ఇదొక్కటి మిగిలింది. ఇంతమటుకు చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నాకు తెలిసింది నేను చేశాను. ఆవుపాలు గోరువెచ్చగా చేసి సీసా మూతలో పోశాను. కూన ఆబగా తాగింది. సాయంత్రానికి విరేచనాలు పట్టుకుని వేలాడిపోయింది. మర్నాడు పొద్దున్నే పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ స్కూటర్ మీద వచ్చి ముందు నాకు చీవాట్లు పెట్టింది, తర్వాత కూనకు మందు పట్టింది. ఇది ఇంటిపిల్లి కాదని, పొలాల్లో ఎలుకల్ని తిని బతికే అడవిపిల్లి అని చెప్పింది. అటవీశాఖ వాళ్ళతో ఆవిడే ఫోన్‌లో మాట్లాడింది. వాళ్ళ సంరక్షణ కేంద్రం ఒక రోజు ప్రయాణం. ఇంత పసికూన దారి తట్టుకోదు. పుట్టిన చోటే పెంచి వదిలేస్తాం, తను వారం వారం వచ్చి చూస్తాను అంటే వాళ్ళు ఒప్పుకున్నారు.

ఆవిడ మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పింది. చేతితో తాకకూడదు. పేరు పెట్టకూడదు. దాని దగ్గర మాట్లాడకూడదు. తిండి ఎవరు పెడుతున్నారో దానికి తెలియకూడదు.

"జాలిపడండి, వద్దనను. కానీ ఆ జాలి దానికి కనపడనివ్వకండి. మనిషంటే భయం లేని అడవిపిల్లి ఎన్నాళ్ళో బతకదు."

మాట్లాడకూడదు అనగానే నేనూ మా ఆయనా ఒకేసారి మావయ్య వైపు చూశాం. "అది మా నాన్న వల్ల కాదండీ" అన్నాడు మా ఆయన. డాక్టరమ్మ మావయ్యకు ఎదురుగా వెళ్ళి నిలబడి, అంతా మళ్ళీ మొదటి నుంచి నిదానంగా, చేతులు తిప్పుతూ చెప్పింది. ఆయన ఆవిడ ముఖంలోకే చూస్తూ విన్నారు. అయ్యాక చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని తలాడించారు. నేను వేళాకోళం అనుకున్నాను.

వేళాకోళం కాదు. ఇంటి వెనక రెండేళ్ళుగా ఖాళీగా పడున్న కోళ్ళ షెడ్డును ఆయన ఆ రోజే శుభ్రం చేశారు. పైన రేకులు, చుట్టూ ఇనుప జాలీ, అవతల నుంచి పొలాలు. మా వైపు జాలీకి గోనెపట్టాలు కట్టి, పొలం వైపు తెరిచి ఉంచారు. దాక్కోవడానికి ఒక చెక్కపెట్టె చేశారు. నాలుగు పలకలు బిగించి ఏటవాలుగా ఒక గొట్టంలాంటిది అమర్చారు. ఇవతల నుంచి మాంసం ముక్క వేస్తే జారి అవతల పడుతుంది, వేసిన చెయ్యి కనపడదు. అవన్నీ చేస్తున్నంతసేపూ ఆయన నోటివెంట ఒక్క మాట రాలేదు. పక్కింటావిడ కంగారుపడి, మీ మావయ్యకు ఒంట్లో బాగాలేదా అని గోడ మీదుగా అడిగింది.

వీధికుక్కలు వాసన పట్టాయి. జాలీ కింద మట్టి తవ్వుతూ రోజుకు రెండుసార్లు దొరికేవి. అందుకని పొద్దున కాఫీ తాగినప్పటి నుంచి సాయంత్రం దాకా మావయ్యే కర్ర పట్టుకుని షెడ్డు చూరు కింద కూర్చునేవారు, మొక్కజొన్న కండెలు వలుచుకుంటూ. మా ఆయన మిషన్ తీసుకుని ఊళ్ళ మీద పడ్డాడు, వారానికో పదిరోజులకో ఇంటికొచ్చేవాడు. నేను స్కూలు యూనిఫారాలు కుట్టే మిషన్‌ను చప్పుడు వినపడకుండా వీధి గదిలోకి మార్చుకున్నాను.

షెడ్డు దగ్గర మాకు సైగలే భాష. అవన్నీ మావయ్య కనిపెట్టినవే. తల మీద రెండు వేళ్ళు నిలబెడితే పిల్లి. గుప్పిట్లో స్టీరింగు తిప్పితే మా ఆయన. ముక్కు మీద లేని కళ్ళజోడు పైకి తోసుకుంటే డాక్టరమ్మ. సూదిలో దారం ఎక్కిస్తే నేను. కూన మొదటిసారి తన తోకను తనే పట్టుకోబోయి పెట్టె మీంచి దొర్లిపడ్డప్పుడు, ఆయన దాన్ని చేతులతో ఎంత బాగా చేసి చూపించారంటే నేను నవ్వాపుకోలేక ఇంట్లోకి పరిగెత్తాల్సి వచ్చింది.

ఇంకొకటి కూడా గమనించాను. సైగతో చెప్పిన పని ఒక్కటీ ఆయన తప్పు చెయ్యలేదు. తలుపు వెయ్యమంటే వేశారు. గుడ్లు రెండే తెమ్మంటే రెండే తెచ్చారు. నోటితో చెప్పినవి మాత్రం ఎప్పటిలాగే ఎటో పోయేవి. అప్పుడు కూడా నాకు వెలగలేదు. కూన మీద ప్రేమ మనిషిని మార్చిందనుకున్నాను.

రెండో నెల్లో ఒక ఉదయం. సూదిలో దారం తెగితే మిషన్ ఆపాను. ఆపగానే షెడ్డు వైపు నుంచి కీచుమని ఏడుపు. ఆగి మళ్ళీ ఏడుపు. కత్తెర చేతిలో ఉండగానే పరిగెత్తాను. కూన ముందరి కాలు జాలీ తీగలో చిక్కుకుంది. పట్టుకుని గుంజుకుంటూ ప్రాణం పోతున్నట్టు అరుస్తోంది. దానికి నాలుగు అడుగుల దూరంలో మావయ్య ఇటు తిరిగి కూర్చుని, తీరిగ్గా కండెలు వలుస్తున్నారు.

పరిగెత్తుకొస్తున్న నన్ను చూసి ఆయన నవ్వి, నెమ్మది అన్నట్టు వేలు పెదాల మీద పెట్టుకున్నారు.

నేను వెనక్కి చూపించాను. ఆయన తిరిగి చూశారు. ఒళ్ళో గంప అలాగే నేల మీద పడిపోయింది. లోపలికి వెళ్ళి గోనెపట్టా దాని ముఖం మీద కప్పి, ఒక చేత్తో దాన్ని అదిమి, ఇంకో చేత్తో తీగ పైకెత్తారు. నేను కత్తెర పక్కన పడేసి పట్టకారు తెచ్చి తీగ కత్తిరించాను. వదులవగానే అది పట్టాలోంచి ఆయన మణికట్టు కొరికి పెట్టెలోకి దూరిపోయింది. కాలు బాగానే ఉంది, చర్మం గీసుకుంది అంతే.

మావయ్య బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నారు. మణికట్టు నుంచి నెత్తురు కారుతోంది. దాన్ని చూసుకోవడం లేదు. నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగారు.

"చాలాసేపు అరిచిందా?"

నేను తలాడించాను. ఆయన తల దించుకున్నారు. నేను చెయ్యి కడిగి గుడ్డ కట్టాను.

కుక్క కరిచినట్టే దీనికీ సూదులు వేయించుకోవాలని డాక్టరమ్మ ఫోన్‌లో తొందరపెట్టింది. ఇద్దరం బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళాం. చీటీ రాసే నర్సు తలెత్తకుండా వయసెంత అని అడిగింది. మావయ్య గట్టిగా, గడగడా, కర్రకోత మిల్లులో ముప్పై నాలుగేళ్ళు చేశానని మొదలుపెట్టారు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంతకుముందైతే నేనూ సిగ్గుతో పక్కకు చూసేదాన్ని. ముందుకెళ్ళి నర్సు పక్కన నిలబడి, ఆయన చూసేలా వేళ్ళు చూపించి వయసడిగాను. అరవై ఎనిమిది అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్టాపు బెంచీ మీద ఆయనకు ఎదురుగా వంగి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని చూసుకుని చెప్పారు. మిల్లులో ఉన్న ఆఖరి ఐదారేళ్ళ నుంచే తగ్గుతూ వచ్చిందట. చెవి పోయినవాణ్ణి రంపం దగ్గర నిలబెట్టరు, బయటికి పంపేస్తారు. అందుకని ఎవరికీ తెలియనివ్వలేదు. తర్వాత అదే అలవాటైంది.

"మనం మాట్లాడుతూ ఉంటే ఎదుటివాళ్ళు ఏమీ అడగరమ్మా. అడిగితేనే కదా దొరికిపోయేది."

కొడుక్కి చెప్పొద్దన్నారు. ఎందుకన్నాను.

"ఇప్పుడు మొండివాణ్ణనుకుంటున్నాడు. అనుకోనీ. ఇది తెలిస్తే జాలిపడతాడు."

సరేనన్నాను. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఈయన నోటివెంట వచ్చిన లక్ష మాటల్లో ఈ నాలుగూ నేనెందుకు వినలేకపోయానా అని బస్సులో ఇంటిదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

మాట ఇచ్చిన తర్వాత తొమ్మిది రోజులు ఆగగలిగాను. పదో రోజు మా ఆయన ఇంటికొచ్చాడు. వచ్చే ఆదివారం అక్క వచ్చి నాన్నను తీసుకెళ్తుందని, ఫోన్‌లో అంతా మాట్లాడేశానని చెప్పాడు. మావయ్య మాకు వీపు పెట్టి కిటికీ దగ్గర కర్ర చెక్కుకుంటున్నారు. మా ఆయన ఆయన వీపుకేసి అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాడు. జవాబు రాలేదు. "చూశావా, విననట్టు ఎలా కూర్చున్నాడో" అన్నాడు.

"విననట్టు కాదు. ఆయనకు వినపడదు" అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగాడు. తీగలో చిక్కుకున్న కూన సంగతి, నర్సు సంగతి, మిల్లు సంగతి అన్నీ చెప్పాను. అతను గోడకు ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఆ రోజు మిషన్ వెనక్కి తీసినప్పుడు..." అని ఆగిపోయాడు.

మర్నాడు పొద్దున మా ఆయన షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. వెనక నుంచి పిలవలేదు. చుట్టూ తిరిగి ముందుకొచ్చి, గొంతుక్కూర్చుని, తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. తల మీద రెండు వేళ్ళు నిలబెట్టి కనుబొమలెగరేశాడు. మావయ్య అతన్నొకసారి, దూరంగా ఉన్న నన్నొకసారి చూశారు. నేను మాట తప్పానని తెలిసిపోయింది. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడడం మానేశారు. కానీ అందరం సైగలతోనే బతుకుతున్న ఇల్లు కదా, ఆ సంగతి నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆయనే నాకు సూదిలో దారం ఎక్కించి చూపించారు. కోపం పోయిందన్నమాట.

ఆ ఆదివారం వదిన రాలేదు. మా ఆయనే అక్కకు ఫోన్ చేసి వద్దన్నాడు. చెవుల డాక్టర్ దగ్గరికి తండ్రిని అతనే తీసుకెళ్ళాడు. ఎడమ చెవి పూర్తిగా పోయిందని, కుడి చెవిలో కాస్త మిగిలిందని డాక్టర్ చెప్పాడట. పనిలోపనిగా కొడుకు చెవులు కూడా చూసి, మిషన్ నడిపేటప్పుడు చెవులకు చప్పుడాపే డొప్పలు పెట్టుకోకపోతే నీదీ ఇదే దారి అన్నాడట. ఒకే రోజు ఇంటికి రెండు వచ్చాయి: కొడుక్కి డొప్పలు, తండ్రికి చెవి మిషన్. చెవి మిషన్ పెట్టుకుంటే అందరి గొంతులూ రేకుడబ్బాలోంచి వస్తున్నట్టున్నాయని మావయ్య దాన్ని ఎక్కువగా జేబులోనే ఉంచుకునేవారు.

ఇక కూనకు వేట నేర్పాలి. నేర్పడమంటే మేం చేసేదేమీ లేదు, బతికున్న ఎలుకను లోపల వదలడమే. మా ఆయన ధాన్యం గోదాముల నుంచి బోనుల్లో పట్టి తెచ్చేవాడు. మొదటి ఎలుకను చూసి అది పెట్టె పైకెక్కి కూర్చుంది. ఎలుకే దాని వాటా గుడ్డు తినేసింది. నాలుగో ఎలుక మీద దూకింది, ఎలుక తప్పించుకుంది. ఏడోదాన్ని పట్టింది. ఆ తర్వాత ఇక ఏదీ తప్పించుకోవడం మేం చూడలేదు. కళ్ళ నీలం పోయి పసుపు తిరిగింది. కాళ్ళు పొడవయ్యాయి.

నాలుగో నెల మొదట్లో డాక్టరమ్మ వచ్చి చాలాసేపు గోనెపట్టా సందులోంచి చూసింది. మావయ్య ఎప్పటిలాగే చూరు కింద కూర్చుని ఉన్నారు. కూన పెట్టెలోంచి వచ్చి, జాలీ పక్కనే, ఆయనున్న వైపు, ఒళ్ళు చాచి పడుకుని కాళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని పిలిచిందీ లేదు, తాకిందీ లేదు. రోజూ కదలకుండా కూర్చునే మనిషికి అదే అలవాటుపడింది.

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. మమ్మల్ని ఇంట్లోకి తీసుకెళ్ళి, ఇలా వదిలితే పొలంలో ఎవరు కనపడ్డా ఇలాగే పక్కన పడుకుంటుందని, మొదటి కర్ర దెబ్బకే పోతుందని చెప్పింది. దాన్ని భయపెట్టాలి. ఆ పని తను చేస్తానన్నాడు మా ఆయన.

"మీరంటే దానికి ఎలాగూ భయమే. ఎవరంటే భయం లేదో ఆయనే చెయ్యాలి" అందావిడ.

మావయ్య ఆవిడ పెదాలనే చూస్తున్నారు. మళ్ళీ చెప్పించుకోలేదు. లేచి వంటింట్లోంచి రేకుపళ్ళెం, తన కర్ర తీసుకుని బయటికి నడిచారు.

ఆయన షెడ్డు తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు. పళ్ళెం మీద కర్రతో బాదుతూ, మిల్లులో రంపం మీదుగా అరిచిన గొంతుతో అరిచారు. ఏమరిచారో మాకెవరికీ అర్థం కాలేదు. కూన ముందు కదల్లేదు, ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఆయన నేల మీద కర్ర విసిరారు. అప్పుడు ఎగిరి, జాలీకి కొట్టుకుని, పెట్టెలో దూరింది. ఆయన బయటికొచ్చి తలుపు వేసి, పంపు దగ్గర చేతులు కడుక్కున్నారు. శుభ్రంగానే ఉన్న చేతుల్ని చాలాసేపు కడుక్కున్నారు.

మూడు రోజులు, రోజుకు రెండుసార్లు. ఆ మూడు రోజులూ ఆయన సరిగ్గా తినలేదు. చూరు కింద కూర్చోవడం కూడా మానేశారు. కుక్కలొస్తే వినపడేలా నేను గది కిటికీ తెరిచి ఉంచుకున్నాను. నాలుగో రోజు పొద్దున పళ్ళెం లేకుండా, ఊరికే షెడ్డు మూలకు వెళ్ళి నిలబడ్డారు. ఆయన నీడ పడగానే కూన బుస్సుమని వెనక్కి దూకింది. ఈసారి ఆ బుసలో బలముంది.

ఆయన ఇంట్లోకొచ్చి నా మిషన్ ముందు నిలబడ్డారు.

"నన్ను చూసి పారిపోయిందమ్మా" అన్నారు. పరీక్ష పాసైన పిల్లల తండ్రి చెప్పినట్టే చెప్పారు గానీ, చెప్పాక అక్కడ నిలబడలేకపోయారు.

పైరు నడుమెత్తు వచ్చాక, అటవీశాఖ మనిషి ఒకరు డాక్టరమ్మతో పాటు వచ్చి చూసి, ఇక వదలొచ్చన్నారు. పొలం వైపు తలుపు తెరిచేశాం. మా ఆయన దుక్కుల పని మీద పక్క ఊళ్ళో ఉన్నాడు. నేనూ మావయ్యా వంటింటి కిటికీ దగ్గర కాపు కాశాం. మొదటి రోజంతా అది గడప దాటలేదు. రెండో రోజు పొద్దువాలుతుండగా గడప మీదికొచ్చింది. కూన అనడానికిక లేదు. చెవులు నిక్కించి పైరునే చూసింది. మా వైపు, ఇంటి వైపు చూడనేలేదు. మెల్లిగా దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఒక సాలు వెంట ఆకులు కాస్త కదిలాయి, ఆ తర్వాత ఎక్కడా కదల్లేదు.

గాలి వీచి పైరంతా ఒక్కసారిగా ఊగేదాకా మావయ్య కిటికీ వదల్లేదు.

చీకటి పడే వేళకు మా ఆయన వచ్చాడు. షెడ్డు ఖాళీగా ఉండడం చూసి, తండ్రికి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు. నాలుగు నెలల తర్వాత గొంతు దాచుకోవాల్సిన పని లేకపోవడంతో మావయ్య మొదలుపెట్టారు. మొదటి రోజు గడప దగ్గర ఎన్నిసార్లు తల బయటపెట్టిందో, ఏ కాలు ముందు కిందపెట్టిందో, ఏ సాలు వెంట వెళ్ళిందో, అన్నీ చేతులతో చూపిస్తూ, మూడిళ్ళ అవతలికి వినపడేలా చెప్పుకుంటూ పోయారు. మధ్యలో మిల్లు కూడా వచ్చింది. మా ఆయన లేవలేదు. రెండుసార్లు నేను భోజనానికి పిలవబోయి ఊరుకున్నాను.

చెప్పడం అయింది. మావయ్య జేబులోంచి చెవి మిషన్ తీసి, తడబడుతూ కుడి చెవికి పెట్టుకుని, పీట మీద ముందుకు వంగారు.

"నువ్వు చెప్పరా. అక్కడ పనెలా ఉంది?" అని అడిగి, కొడుకు పెదాల కేసి చూస్తూ ఆగారు.

మా ఆయన లేచి, వెలుతురు తన ముఖం మీద పడేలా పీట జరుపుకుని, మళ్ళీ కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.